ఉమ్ ఫవ్వాజ్ మళ్ళీ ముట్టించింది

ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు ఉమ్ ఫవ్వాజ్ లేచి నిలబడి, తలమీద గుడ్డ సర్దుకుని, గొంతు సవరించుకుని, "నేను మళ్ళీ ముట్టించాను" అని చెప్పేది. మూడేళ్ళపాటు ఒక్క వారం తప్పకుండా చెప్పింది. సల్త్ ఊరి కొండల మీద మంచు పడి బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయిన వారం కూడా, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని నడిచొచ్చి మరీ చెప్పింది.

ఆస్పత్రి వెనక మేడమీద ఒక గది ఉంది. క్యాన్సర్ నుంచి బయటపడి, సిగరెట్ నుంచి బయటపడలేక తంటాలు పడేవాళ్ళు వారానికోసారి అక్కడ కూడతారు. నర్సు తగ్రీద్ ఆ కూడిక నడిపేది. వచ్చినవాళ్ళకు మరమియ్యా ఆకు వేసిన టీ పోసి, వారమంతా ఎలా గడిచిందో చెప్పించి, ఒంటికి అంటించుకుంటే సిగరెట్ యావ తగ్గించే పట్టీలు కావలసినవాళ్ళకు పట్టీలు, ధైర్యం కావలసినవాళ్ళకు ధైర్యం ఇచ్చి పంపేది. చాలామంది ఏదో ఒకనాటికి మానేసేవాళ్ళు. ఉమ్ ఫవ్వాజ్ దగ్గర మాత్రం ఆ పట్టీలూ పనిచేయలేదు, ఆ ధైర్యమూ పనిచేయలేదు.

ఆవిడకు అరవై మూడేళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట రొమ్ము తీసేశారు. అంతకు ముందూ ఆ తర్వాతా ఊళ్ళో ఆడవాళ్ళకు కారు నడపడం నేర్పించడమే ఆవిడ పని. సల్త్‌లో లైసెన్సున్న ఆడవాళ్ళలో సగంమంది ఆవిడ తిట్లు తిని తేలినవాళ్ళే. అదే ధోరణి ఇంట్లో, అదే ధోరణి ఆస్పత్రిలో. ఎవరైనా ఏడుపు మొదలెడితే "బ్రేకు! బ్రేకు తొక్కు!" అనేది. ఎవరైనా పాత సంగతులు తవ్వుకుంటుంటే "అద్దం చూసింది చాలు, ముందు రోడ్డు చూడు" అనేది.

కారణం లేకుండా ఆవిడ ఎన్నడూ ముట్టించి ఎరగదు. వారానికో కొత్త కారణం తెచ్చేది.

"మా చెల్లెలి కొడుకు పెళ్ళి, తల్లీ. పెళ్ళికూతురి బాబాయి పళ్ళెంలో సిగరెట్లు పెట్టుకుని పంచుతూ వచ్చాడు. వద్దంటే వాళ్ళకి కోపం, తీసుకుంటే నీకు కోపం. నువ్వేమో పెళ్ళికి రాలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళ మాటే విన్నాను."

ఇంకో వారం: "డాబామీద నీళ్ళ ట్యాంకు గడ్డకట్టింది. కరిగించడానికి అగ్గిపుల్ల గీశాను. గీసిన పుల్లని ఒక్క పనికే వాడి పారేస్తే పాపం కాదూ?"

ఇంకో వారం: "పిల్లి ఈనింది."

"పిల్లి ఈనితే మీకు సిగరెట్ ఎందుకు ఖాలా?" అంది తగ్రీద్, నవ్వు ఆపుకుంటూ. చిన్నవాళ్ళంతా ఆవిణ్ణి ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేవాళ్ళు.

"ఆరు పిల్లలు! అదీ నా మంచం మీద! దానికి చీమ కుట్టినట్టయినా లేదు. మరి ఇంట్లో ఎవరో ఒకళ్ళు కంగారుపడాలా వద్దా?"

గదంతా పగలబడి నవ్వేది. నవ్వులు తగ్గుతుండగా ఏ మూల నుంచో ఇంకో గొంతు సన్నగా పలికేది: "నేను కూడా ఈ వారం... ఒకటి." ఆ వెనకే మరొకటి. లుబ్నా అనే బడిపంతులమ్మ అలాగే నోరు విప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, మెడదగ్గర గడ్డలకు మందులు ఎక్కించుకుని జుట్టంతా పోగొట్టుకుని మళ్ళీ పెంచుకున్న పిల్ల. మూడు వారాలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని, పిల్లి కథ విన్నరోజున మాత్రం "నేను స్నానాలగదిలో కిటికీ తెరుచుకుని తాగుతున్నాను. మా అత్తగారికి తెలీదు" అనేసి, భారం దిగినట్టు ఊపిరి పీల్చుకుంది.

"ఆ కిటికీ ఎటువైపు?" అంది ఉమ్ ఫవ్వాజ్.

"వెనక వీధివైపు."

"అయితే మీ అత్తగారికి తప్ప ఊరందరికీ తెలుసు. ఇంక దాచుకునే పన్లేదు, మానెయ్."

అబూ జుర్యిస్ వచ్చింది ఆ రోజుల్లోనే. రాతిపని మేస్త్రీ. సల్త్‌లోని పచ్చరాతి ఇళ్ళలో సగం తన చేతుల్లోనే బాగుపడ్డాయని చెప్పుకునేవాడు. మిగతా సగం మాటేమిటంటే "అవి నా చేతిలో పడలేదు, అందుకే కురుస్తున్నాయి" అనేవాడు. పధ్నాలుగో ఏట మొదలెట్టి అరవై ఏడు దాకా సిగరెట్ వదలని మనిషి. మూత్రసంచిలో గడ్డ తీసేశాక, మళ్ళీ పొగ తాగితే గడ్డ తిరిగొస్తుందని భయపెడితే వచ్చాడు. మొదటి నలభై రోజులూ పెళ్ళికొడుకులా మీసం దువ్వుకుంటూ వచ్చాడు. నలభై ఒకటో రోజు దాటాక వచ్చిన ఆదివారం మాత్రం టోపీ కళ్ళమీదకి లాక్కుని, తలుపు దగ్గరి కుర్చీలో, లేచి పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు.

ఉమ్ ఫవ్వాజ్ ఎవరూ పిలవకుండానే లేచింది.

"మళ్ళీ ముట్టించాను. కాని ఈసారి తప్పు నాది కాదు, ఖాజీగారి కోడలిది. బ్రేకంటే యాక్సిలరేటర్ తొక్కింది. కారు పోయి రొట్టెల బట్టీలో ఆగింది. బానెట్ మీద నాలుగు వేడి రొట్టెలు పడ్డాయి. బట్టీవాడు ముందు ఆ రొట్టెలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాత మమ్మల్ని బతికున్నారా అని అడిగాడు! తాగక ఏం చెయ్యను?"

"ఒట్టేసి చెప్పు!" అన్నాడు అబూ జుర్యిస్, టోపీ పైకి నెట్టి.

"సిగరెట్ ముక్కకి ఒట్టెందుకు? నువ్వు చెప్పు, నీ సంగతేమిటి?"

"మా తమ్ముడితో గొడవ. రెండు తాగాను," అన్నాడాయన గోడకేసి చూస్తూ.

"రెండేగా! నేను నాలుగు తాగాను, రొట్టెకొకటి."

అబూ జుర్యిస్ పెద్దగా నవ్వాడు. లేచి లోపలి కుర్చీలోకి మారాడు.

*

చిక్కంతా యంత్రంతో వచ్చింది. అరచేతిలో ఇమిడేంత పెట్టె. గొట్టంలోకి గట్టిగా ఊదితే లోపలున్న పొగ గుట్టు అంకెలో చెప్పేస్తుంది. ఆరులోపైతే శుభ్రం. పది దాటితే ఈమధ్యే తాగినట్టు. డాక్టర్ మాజెద్ దాన్ని ఎంతో ముచ్చటపడి తెప్పించాడు. మంచివాడే. ఒక్కటే అలవాటు: మనిషితో కాకుండా రోగంతో మాట్లాడతాడు.

ఉమ్ ఫవ్వాజ్ ఆ గొట్టం నోట్లో పెట్టనే లేదు. ఒక వారం కట్టుడుపళ్ళు వదులయ్యాయంది. ఒక వారం ఉపవాసమంది. ఇంకో వారం, "మీసాల మగాళ్ళు ఊదిన గొట్టంలో నేను ఊదనా?" అంది. గొట్టం ప్రతిసారీ కొత్తది వేస్తామని తగ్రీద్ చెప్తే, "మీసాలు అలాగే ఉన్నాయిగా" అంది. ఎంత పెద్ద అంకె వస్తుందోనని జంకుతోందిలే అనుకుని తగ్రీద్ బలవంతపెట్టలేదు.

అబూ జుర్యిస్ ఊదాడు. పంతొమ్మిది వచ్చింది.

"పంతొమ్మిది!" అన్నాడు డాక్టర్, గదంతా వినపడేలా. "మూత్రసంచిలో గడ్డ తీసి ఏడాది కాలేదు. ఇన్నాళ్ళు పడ్డ బాధ, ఆ సంచి, ఆ గొట్టం, అవన్నీ మళ్ళీ కావాలా మీకు?"

గదిలో ఆడవాళ్ళున్నారు. లుబ్నా తల దించుకుంది. అబూ జుర్యిస్ మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మూడు నెలలకోసారి లోపల గడ్డ ఉందో లేదో చూసే పరీక్షకు రావలసిన రోజున కూడా రాలేదు.

"పద," అంది ఉమ్ ఫవ్వాజ్ తగ్రీద్‌తో. "కారెక్కు."

ఊరందరికీ కారు నేర్పిన మనిషి కారు నడిపితే ఎలా ఉంటుందో తగ్రీద్‌కు ఆ రోజు తెలిసింది. మలుపు ముందు హారను కొట్టదు, మలుపు అయ్యాక ఎదుటివాణ్ణి తిడుతుంది. కొండమీది ఇల్లు చేరేసరికి తగ్రీద్‌కు తను నేర్చుకున్న దువాలన్నీ ఒక్కసారి వల్లెవేసుకోవడం అయిపోయింది.

అబూ జుర్యిస్ ద్రాక్షపందిరి కింద కూర్చున్నాడు. ముందు బల్లమీద సిగరెట్ పెట్టె బాహాటంగా ఉంది. ఆయన భార్య కాఫీ తెచ్చింది. ఉమ్ ఫవ్వాజ్ తన కప్పు ముట్టుకోకుండా బల్లమీద పెట్టేసింది. పని పడి వచ్చిన మనిషి, ఆ పని అవుతుందని మాట ఇచ్చేదాకా కాఫీ తాగకూడదు. తాగకపోతే ఆ ఇంటికి చిన్నతనం. తగ్రీద్‌కు ఆ సంగతి తెలియక కాదు, కారులో గొంతు ఎండిపోయి ఉండటంచేత ఒక్క గుక్కలో తాగేసింది.

"ఈమె మాట తీరిపోయినట్టుంది," అన్నాడు అబూ జుర్యిస్.

"ఈమె చిన్నపిల్ల, ఈమెని వదిలెయ్. నా కప్పు చూడు. ఆదివారం వస్తానను, పరీక్షకి వస్తానను, తాగుతాను."

"రాను. ఆ యంత్రం ముందు నిలబడను. నా ఒంట్లో సంగతులు పరాయి ఆడవాళ్ళ ముందు చాటింపేశాడు ఆ కుర్రడాక్టరు."

"వాణ్ణి నేను చూసుకుంటాను."

"మా పునీతుడు మార్ జుర్యిస్ మీద ఒట్టేసి ఒక మాట చెప్తాను విను," అన్నాడాయన, ఈసారి మెల్లగా. "ఇన్నాళ్ళు నేనెందుకొచ్చాను? నీ మొహం చూసి. నాకంటే అధ్వాన్నమైన మనిషి ఒకతె ఉంది, అయినా సిగ్గుపడకుండా ప్రతి వారం మెట్లెక్కి వస్తోంది, నాకేం రోగం అనుకున్నాను. ఇప్పుడు పంతొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నువ్వు ఒక్కసారైనా ఊదావా? నువ్వు ఊదు. నాకంటే ఎక్కువ తెచ్చుకో. వస్తాను. పరీక్షకీ వస్తాను."

ఉమ్ ఫవ్వాజ్ కప్పుకేసి చూస్తూ కూర్చుంది. కాఫీమీద తెట్టు కట్టింది. చివరికి ఆవిడ కప్పు ఎత్తి, చల్లారిపోయిన కాఫీ మొహం చిట్లించుకుంటూ తాగేసింది.

"ఆదివారం ఊదుతాను," అంది.

*

గురువారం మధ్యాహ్నం డాక్టర్ సంతకం కోసం తగ్రీద్ ఆస్పత్రంతా వెతికింది. ఎక్కడా లేడు. అప్పుడు జనరేటర్ గది వెనక నుంచి మాటలు వినపడ్డాయి.

"దొంగవేషాలు వెయ్యకు నాయనా. నీ వెనక పొగ నీకంటే పొడుగ్గా ఉంది. ఒకటి ఇవ్వు."

"ఖాలా, మీకు నేనెలా ఇస్తాను? నేను డాక్టర్ని!"

"డాక్టరువే గనక చెప్పు. ఒకటి తాగితే ఆ పెట్టెలో ఎంతొస్తుంది?"

"నాలుగో, అయిదో."

"నాకు ఇరవై దాటాలి. అంటే అయిదు తాగాలా?" ఆవిడ గొంతులో నిజమైన దిగులు. "అయిదే! ఎనిమిదేళ్ళయింది డాక్టర్. ఆదివారానికి అలవాటయ్యేలా ఇవాళ ఒకటి తాగి చూసుకోవాలి, ఆ ఒక్కదానికే కళ్ళు తిరిగి పడతానేమో. నువ్వు పక్కనే ఉండు, నాడి చూస్తుండు."

తగ్రీద్ మూల తిరిగి ఎదురుగా నిలబడింది. డాక్టర్ చటుక్కున చెయ్యి తెల్లకోటు జేబులో దోపుకున్నాడు. ఉమ్ ఫవ్వాజ్ వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్ ఉంది.

"ఎన్నేళ్ళయింది ఖాలా?" అంది తగ్రీద్.

"నువ్వు వినలేదనుకో."

"విన్నాను. మరి పెళ్ళి? నీళ్ళ ట్యాంకు? పిల్లి?"

"పిల్లి నిజంగానే ఈనింది," అంది ఉమ్ ఫవ్వాజ్ నొచ్చుకుంటూ. "బట్టీ కూడా నిజమే, కావాలంటే వాణ్ణడుగు. సిగరెట్ ఒక్కటే కలిపాను."

"ఎందుకు?"

ఆవిడ గోడకు చేరగిలబడింది. "నాకు మందెక్కించే రోజుల్లో పక్కమంచం మీద నవాల్ అని ఉండేది. నాకంటే మంచిది, నాకంటే గట్టిది. ఇంటికెళ్ళాక ఒకరోజు ఒకటి తాగింది. అంతే. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, డాక్టర్ తిడతాడు అని పరీక్షకి రావడమే మానేసింది. ఒక్క సిగరెట్టు, తల్లీ. నాలాంటిది ఎవరైనా పక్కన కూర్చుని 'నేను నాలుగు తాగానే' అని ఉంటే నవ్వేసి వచ్చేది. చివరికి వచ్చిననాడు ఇంక చేయడానికేం మిగల్లేదు." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "నేను ముప్పైఏళ్ళు తాగినదాన్ని. ఎవరు తాగొచ్చారో మెట్లమీదే వాసన తెలిసిపోతుంది నాకు. వాళ్ళు నోరు తెరిచేలోపు నేను తెరుస్తాను. అంతే నా విద్య."

"ఎవరూ తాగని వారం?"

"అలాంటి వారం ఒక్కటైనా ఉందా నీ దగ్గర?"

తగ్రీద్ ఆవిడ చేతిలోని సిగరెట్ తీసుకుని రెండుగా విరిచేసింది. "ఆదివారం ఉన్నదున్నట్టు ఊదండి ఖాలా. అబూ జుర్యిస్ కోసం అబద్ధం ఆడారు సరే, విషం తాగడానికి మాత్రం నేను ఒప్పుకోను."

"ఆయన లేచి వెళ్ళిపోతే?"

"మళ్ళీ వాళ్ళింటికి వెళ్దాం. ఈసారి నేను కూడా కాఫీ తాగను." తర్వాత డాక్టర్ వైపు తిరిగింది. "మీ జేబు కాలుతోంది సార్."

*

ఆదివారం గది కిక్కిరిసిపోయింది. ఉమ్ ఫవ్వాజ్ ఊదుతుందట అన్న కబురు ఆవిడకంటే ముందే మేడెక్కింది. అబూ జుర్యిస్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తనకంటే పెద్ద అంకె చూడటానికి వచ్చిన మనిషి మొహంలో ఎంత నమ్మకం ఉండాలో అంతా ఉంది.

ఉమ్ ఫవ్వాజ్ గొట్టం అందుకుని, ఊపిరి బిగబట్టి, ఊదింది. తగ్రీద్ పెట్టెను అందరికీ కనపడేలా తిప్పింది.

ఒకటి.

"యంత్రం చెడింది," అన్నాడు అబూ జుర్యిస్.

"చెడలేదు," అన్నాడు డాక్టర్.

"అయితే నువ్వు ఊదు. నువ్వు డాక్టరువి, నీకు సున్నా రావాలిగా. వస్తే నమ్ముతాను."

డాక్టర్ తగ్రీద్‌కేసి చూశాడు. తగ్రీద్ కిటికీలోంచి కొండలకేసి చూసింది. ఇంక దారి లేక ఊదాడు. ఇరవై ఏడు.

గది అదిరిపోయింది. లుబ్నా నవ్వి నవ్వి కుర్చీమీద పక్కకు ఒరిగింది. డాక్టర్ చెవులు, మూడు వారాల కిందట అబూ జుర్యిస్ చెవులు ఎలా ఎర్రబడ్డాయో సరిగ్గా అలాగే ఎర్రబడ్డాయి. నవ్వనిదల్లా అబూ జుర్యిస్ ఒక్కడే. ఆయన లేచి ఉమ్ ఫవ్వాజ్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిదేళ్ళు."

"రొట్టెకొకటి అన్నావే, ఆ నాలుగూ?"

"ఒక్కటీ లేదు."

ఆయన పెదవులు కదులుతున్నాయి. వారాలు వెనక్కి లెక్కపెట్టుకుంటున్నాడు. తమ్ముడితో గొడవపడ్డ వారం. గడ్డ మళ్ళీ వచ్చిందేమోనని నిద్రపట్టని వారం. ప్రతిసారీ ఆయన నోరు తెరిచేలోపు ఈ మనిషి లేచి నిలబడింది, ఊరందరి చేతా నవ్వించుకుంది.

"నువ్వు అబద్ధాలకోరువి," అన్నాడు.

"అవును."

"అబద్ధం చెప్పడానికైనా ఒక తీరుండాలి. నీళ్ళ ట్యాంకు గడ్డకట్టిందని ఎవడైనా సిగరెట్ తాగుతాడా?"

"నువ్వు నమ్మావుగా!"

అబూ జుర్యిస్ ఇంక ఆపుకోలేకపోయాడు. మొదట మీసం వణికింది, తర్వాత పొట్ట ఊగింది. కళ్ళు తుడుచుకుంటూ తగ్రీద్ చేతిలోంచి పెట్టె తీసుకుని తనే ఊదాడు. పధ్నాలుగు.

"డాక్టర్లో సగం!" అని ప్రకటించాడు, రాజ్యం గెలిచినవాడిలా. "మిగతావి నిన్నటివి, ఇవాళ పొద్దున్న ఒక్కటే తాగాను, అదే ఆఖరిది. అమ్మాయ్, ఆ పరీక్ష మంగళవారానికి పెట్టు. ఏయ్ డాక్టర్, మూత్రసంచి సంగతి నువ్వూ నేనూ లోపల తలుపేసుకుని మాట్లాడుకుందాం. అర్థమైందా?"

"అర్థమైంది," అన్నాడు డాక్టర్. "క్షమించండి. ఆ రోజు నేనలా అనాల్సింది కాదు." తర్వాత తనే ఒక కుర్చీ లాక్కుని వరస చివర కూర్చున్నాడు. "నన్ను కూడా చేర్చుకుంటారా?"

"బెల్టు పెట్టుకో," అంది ఉమ్ ఫవ్వాజ్. "మొదటి నెల గతుకులు ఎక్కువ."

*

ఆ మంగళవారం పరీక్షలో అబూ జుర్యిస్ లోపల ఏమీ లేదు. ఆ తర్వాతి మూడు పరీక్షల్లోనూ లేదు. మధ్యలో రెండుసార్లు జారాడు. రెండుసార్లూ తనే లేచి, కథలేవీ చెప్పకుండా, "నిన్న ఒకటి తాగాను, ఇవాళ తాగను" అని కూర్చున్నాడు. లుబ్నా స్నానాలగది కిటికీలో తులసికుండీ పెట్టుకుంది. డాక్టర్ మాజెద్ ఇరవై ఏడు నుంచి పదకొండుకు, పదకొండు నుంచి అయిదుకు దిగాడు. రోగులతో మాట్లాడేటప్పుడు ఇప్పుడు కుర్చీ దగ్గరగా లాక్కుని, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. జనరేటర్ దగ్గర పొగ కనిపిస్తే అది జనరేటర్‌దే.

మరుసటేడు వసంతంలో, మధ్యలో జారినా లేచి ఏడాది నెట్టుకొచ్చినవాళ్ళకు యోగ్యతాపత్రాలు ఇద్దామని తగ్రీద్ కాగితాలు రాయించింది. ఉమ్ ఫవ్వాజ్‌ది ప్రత్యేకంగా బంగారురంగు అక్షరాలతో, "తొమ్మిది సంవత్సరాలు" అని రాయించి, అద్దం కట్టించి, అందరి ముందూ చేతికిచ్చింది. చప్పట్లు మోగాయి. ఉమ్ ఫవ్వాజ్ కళ్ళద్దాలు సర్దుకుని, అక్షరం అక్షరం చదివి, వెనక్కి ఇచ్చేసింది.

"ఇది వద్దు. అబూ జుర్యిస్‌కిచ్చిన రకం ఇవ్వు. ఏడాదిది."

"అయ్యో, తొమ్మిదేళ్ళు మానేశారు ఖాలా మీరు! నిజం నిజంలా ఒప్పుకోండి ఒక్కసారైనా!"

"ఫోటో తీస్తారుగా ఇప్పుడు?"

"తీస్తారు."

"నేను తొమ్మిది పట్టుకుని మధ్యలో నిలబడితే, పక్కనున్నవాళ్ళ ఒకటి ఫోటోలో కనబడుతుందా?"

తగ్రీద్ అద్దం కట్టించినదాన్ని పక్కన పెట్టింది. మామూలు కాగితం ఒకటి తీసి, పేరు రాసి, ఏడాది అని వేసి ఇచ్చింది. ఉమ్ ఫవ్వాజ్ దాన్ని గుండెకానించుకుని, లుబ్నాకూ అబూ జుర్యిస్‌కూ మధ్యలో దూరి నిలబడింది. ఫోటో తీసేవాడు ఒకటి, రెండు అంటుండగా చెయ్యెత్తి ఆపింది. గుమ్మం దగ్గర డాక్టర్ మాజెద్ ఒక్కడూ ఒదిగి నిలబడి ఉన్నాడు. ఆయన మానేసి నాలుగు నెలలే, కాగితం లేదు.

"ఏమిటక్కడ పార్కింగు?" అని అరిచింది. "రా లోపలికి! నాలుగు నెలలంటే మాటలా?"

డాక్టర్ సిగ్గుపడుతూ వచ్చి చివర నిలబడ్డాడు. చివర వద్దని చెయ్యి పట్టి లాగి, ఆయన్ని అబూ జుర్యిస్ పక్కనే నిలబెట్టింది. అబూ జుర్యిస్ తన కాగితం ఒక అంచు డాక్టర్ చేతికిచ్చాడు. ఇద్దరూ చెరో అంచు పట్టుకున్నారు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, ఒక్క ఉమ్ ఫవ్వాజ్ నోరు మాత్రం పెద్దగా తెరిచి ఉంది. ఫోటో తీసేవాణ్ణి సరిగా నిలబడమని తిడుతోంది.